కుంకుమభరిణెతో వచ్చినవాళ్ళు

పుష్యమాసం దాటి మాఘం వచ్చిందంటే మన ఊళ్ళలో పెళ్ళిపిలుపులు మొదలవుతాయి. మధ్యాహ్నం కునుకు తీసి లేచే వేళకి గేటు చప్పుడవుతుంది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి చేతిలో కుంకుమభరిణె, ఇంకొకరి చేతిలో శుభలేఖల సంచీ. వాళ్ళ వెనకాల బండికి స్టాండు వేస్తూ ఇంటాయన. ఎందుకొచ్చారో చూడగానే తెలిసిపోతుంది. అయినా వాళ్ళు చెప్పేదాకా ఆగి, చెప్పాక కొత్తగా విన్నట్టు సంతోషపడటం మన మర్యాద.

పెళ్ళి పనులన్నిటిలో నాకు బాగా ఇష్టమైంది ఈ పిలుపుల పని. చీరల షాపుకీ నగల షాపుకీ ఎవరైనా వెళ్ళగలరు. పిలుపులకి మాత్రం నేర్పు కావాలి, ఓపిక కావాలి, మనుషులంటే ఇష్టం ఉండాలి. మా అమ్మ తరం ఆడవాళ్ళకి ఈ నేర్పు వంట వచ్చినంత సహజంగా వచ్చు. దాన్ని ఒక విద్యగా ఎవరూ గుర్తించలేదు. నా లెక్కలో మాత్రం అది విద్యే. మన కుటుంబాలని ఇన్నేళ్ళుగా కలిపి ఉంచిన విద్య.

మొన్న ఫాల్గుణంలో మా అక్క కూతురి పెళ్ళి అయింది. అక్కతో కలిసి తణుకు, రాజమండ్రి, కాకినాడ వైపు బంధువులందరినీ పిలవడానికి వెళ్ళాను. బయల్దేరే ముందు శుభలేఖల నాలుగు మూలలా పసుపు రాయడానికే ఒక పూట పట్టింది. మొదటి శుభలేఖ ఇలవేల్పుకి. చాలామంది తిరుమలకి కూడా ఒకటి పోస్టు చేస్తారు, అక్కడినించి అక్షతలూ కుంకుమా తిరిగి వస్తాయి. తరవాత జాబితా. మేనమామలు, ఆడపడుచులు, వియ్యాలవారు, అమ్మమ్మ పుట్టింటివాళ్ళు, ఊరు విడిచి వెళ్ళిపోయిన పాత ఇరుగుపొరుగు. వర్జ్యం చూసుకుని, మంగళవారం వదిలేసి, ఏ దారిలో ఏ ఇల్లు ముందొస్తుందో లెక్క వేసుకున్నాం.

శుభలేఖ మీద అన్నీ ఉంటాయి. శ్రీరస్తు, శుభమస్తు, తిథి, నక్షత్రం, లగ్నం, కల్యాణమండపం అడ్రసు, విందు వేళ. వివాహ నమోదుకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే సాక్ష్యంగా ఆ కార్డు కూడా అడుగుతారు. అయినా కార్డు ఒక్కటే పిలుపు అవదు. కార్డులో లేనిది నోటితో చెప్పాలి. 'ఇంటికి ఒకరైనా రండి' అంటే ఒక లెక్క. 'ఇంటిల్లిపాదీ రావాలి' అంటే ఇంకో లెక్క. 'ఆ రోజు మీ ఇంట్లో పొయ్యి వెలిగించొద్దు' అంటే ఆ ఇల్లు మన ఇల్లే అని అర్థం. దగ్గరివాళ్ళకి ఇంకో మాట కూడా ఉంది, 'పసుపు కొట్టే రోజుకే వచ్చెయ్యండి' అని. ఎవరికి ఏ మాట చెప్పామో వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. ఆ మాటని బట్టే వాళ్ళు ఎప్పుడు వస్తారో, ఎంతమంది వస్తారో తేలుతుంది. ఎన్ని విస్తళ్ళు లేస్తాయో వంటవాళ్ళకి చెప్పగలిగేది కూడా ఆ లెక్క చూసుకునే.

తణుకులో మా పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే ఆవిడ అడిగింది.

"ఏమ్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?"

"రోజూ గుర్తొస్తూనే ఉంటావు పిన్నీ. బాబాయి ఏరీ?" అంది అక్క.

"పొలం వెళ్ళారు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, మెట్లెక్కలేకపోతున్నారు, అయినా నా మాట వింటేనా? అది సరేగానీ, పెళ్ళికొడుకుది ఏ ఊరు?"

"భీమవరం పిన్నీ. ఉద్యోగం హైదరాబాదులో."

"భీమవరమా? మా ఆడపడుచు తోడికోడలి పుట్టిల్లు అక్కడే. ఏ వీధి?"

అలా వీధి పేరు దగ్గర మొదలై, పిన్ని మనవడి పరీక్షలు, పక్కింటివాళ్ళు ఇల్లు అమ్ముకోవడం, పిన్ని పెద్దకోడలికి ఏడో నెల రావడం, అన్నీ కాఫీ చల్లారే లోపు వచ్చేశాయి. పైకి చూస్తే ఊసుపోని కబుర్లు. గేటు దాటగానే అక్క సంచీలోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకుంది. 'బాబాయికి కింద గది. పెద్దకోడలు నిలబడకుండా ముందు బంతిలో భోజనం.'

ఆ నోటుబుక్కు నిండా అలాంటివే. ఒకాయనకి ఉప్పు తగ్గించి చేసిన పప్పు వేరే తీసి ఉంచాలి. ఒకావిడకి కళ్ళ ఆపరేషన్ అయింది, పొగకి దూరంగా కూర్చోబెట్టాలి. ఇంకొకరి కూతురికి సంబంధాలు చూస్తున్నారు, ఫలానా అబ్బాయి తల్లిని ఆవిడకి పరిచయం చెయ్యాలి. రాత్రి రైలుకి వచ్చేవాళ్ళ కోసం స్టేషనుకి మనిషిని పంపాలి. వీటిలో ఏదీ 'మీకేం కావాలి' అని అడిగితే చెప్పేది కాదు. అలా అడిగితే మనవాళ్ళు 'అబ్బే, ఏం వద్దమ్మా' అంటారు. కబుర్ల మధ్యలోనే బయటపడుతుంది. పెళ్ళిలో ఎవరూ నొచ్చుకోలేదు, అందరికీ బాగా జరిగింది అని మనం మెచ్చుకుంటామే, ఆ బాగా జరగడం వెనక ఇన్ని ఇళ్ళ వసారాల్లో కూర్చుని విన్న కబుర్లు ఉంటాయి.

పిలుపులకి ఇంకో శక్తి ఉంది. మాటలు లేని ఇంటికి వెళ్ళడానికి మన సమాజం ఇచ్చిన అనుమతి అది. పంపకాల్లో పట్టింపులొచ్చి, చావుకి తప్ప గడప తొక్కని ఇళ్ళు మన బంధువర్గాల్లో ఎన్ని లేవు! ఊరికే వెళ్తే 'ఎందుకొచ్చారు' అన్న ప్రశ్న వస్తుంది. కుంకుమభరిణె పట్టుకుని వెళ్తే ఆ ప్రశ్నకి చోటు లేదు. ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు తగ్గాలి అన్న పేచీ కూడా ఉండదు. శుభకార్యానికి పిలవడం ఒకరి ధర్మం, అందుకోవడం ఇంకొకరి ధర్మం. ఇద్దరి పరువూ నిలబడుతుంది.

మా పెద్దమ్మగారి ఇంటికి అలాగే వెళ్ళాం. ఆవిడ తలుపు తీసింది. రమ్మనలేదు, తలుపు వెయ్యనూ లేదు. అక్క గుమ్మం బయటే నిలబడి అంది, "పెద్దమ్మా, పాపకి పెళ్ళి కుదిరింది. మంగళస్నానానికి దాని తలమీద మొదటి నూనె నువ్వే పెట్టాలి." పెద్దమ్మ కాసేపు మా ఇద్దరినీ చూసింది. తరవాత నుదురు ముందుకి వంచింది. అక్క బొట్టు పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టింది. "ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి" అంటూ పెద్దమ్మ లోపలికి నడిచింది. పాత గొడవ గురించి ఎవరూ ఎత్తలేదు. ఆ పూట ఆ అవసరం లేదు. పెళ్ళికి రెండు రోజుల ముందే ఆవిడ వచ్చి, అరిసెల పాకం దగ్గర కూర్చుంది.

ఈ ఆచారంలో నాకు ఎప్పుడూ బాధ కలిగించే చోటు ఒకటుంది. భర్త పోయిన ఆడవాళ్ళని పిలిచే తీరు. ఇంట్లో కోడలికి బొట్టు పెట్టి, పక్కనే ఉన్న అత్తగారితో 'మీరూ రండి' అని పైపైన అనేసి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వయసులో పెద్ద, ఆ ఇంటికి పెద్ద దిక్కు, మన చేత అక్షరాలు దిద్దించిన మనిషి. ఆవిడ గోడ పక్కకి ఒదిగి నిలబడాల్సి వస్తే ఆ పిలుపు ఎవరికి శుభం?

1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. ఆ రోజుల్లో ఆ పెళ్ళికి వెళ్ళడమంటే వెలి పడటానికి సిద్ధపడటమే. అలాంటి పెళ్ళికి పిలిచినవాళ్ళకీ, పిలుపు అందుకుని కదిలినవాళ్ళకీ ఎంత ధైర్యం ఉండాలి! అదే ఊళ్ళో, ఇన్నేళ్ళ తరవాత, మా మేనత్త ఇంట్లో మా అక్క చేసిన పని చిన్నదే. కానీ అదీ ఆ దారిలోదే. కుంకుమభరిణె మూత తీసి సరాసరి అత్తయ్య దగ్గరికి వెళ్ళింది.

"నాకెందుకే, కోడలికి పెట్టు" అంది అత్తయ్య చెయ్యి అడ్డం పెడుతూ.

"ముందు నీకు పెట్టాకే దానికి. నాకు జడ వేసి బడికి పంపింది నువ్వు కదా" అంది అక్క.

అత్తయ్య చెయ్యి దించింది. ఆవిడ కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. పెళ్ళిరోజున అత్తయ్య మొదటి వరసలో కూర్చుని జంట మీద అక్షతలు వేసింది. ఆచారాన్ని వదలక్కర్లేదు. దాన్ని ఎవరి ముందుకి ముందు తీసుకెళ్తున్నామో చూసుకుంటే చాలు, అదే మనుషులని నిలబెడుతుంది.

నేనుండే హైదరాబాదులో పిలుపులు ఇంకో రకంగా వినిపిస్తాయి. మా పక్క ఫ్లాటు వదిన నల్గొండ మనిషి. వాళ్ళ బిడ్డ పెళ్ళికి వచ్చి పిలిచినప్పుడు, "లగ్గానికి రావాలె వదినా, పిల్లలను తోలుకొని రావాలె, మీరు రాకుంటే నాకు మంచిగనిపియ్యదు" అంది. ఆ చివరి మాట ఏ కార్డులో అచ్చు వేయిస్తాం? పాతబస్తీ ఛత్తా బజార్లో పెళ్ళికార్డులు అచ్చేసే షాపులు వరసగా ఉంటాయి. ఉర్దూ కాతిబుల అందమైన రాతకి పేరుపడ్డ చోటు అది. మా ఆయనతో పనిచేసే పెద్దమనిషి కొడుకు నికాహ్‌కి అక్కడ వేయించిన కార్డు తీసుకుని భార్యతో సహా మా ఇంటికి వచ్చారు. బొట్టు లేదు, భరిణె లేదు. కూర్చుని టీ తాగి, మా పిల్లల చదువులు అడిగి, వలీమాకి తప్పకుండా రమ్మని చెప్పి వెళ్ళారు. పద్ధతులు వేరైనా గడప దాకా వచ్చి చెప్పడంలో ఉన్న గౌరవం ఒకటే.

ఇప్పుడు అందరి గడపకీ వెళ్ళలేం. పిల్లలు డాలస్‌లో, సిడ్నీలో ఉంటున్నారు. మూఢం వెళ్ళగానే ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడతాయి, కూతురి తల్లిదండ్రులకి సెలవులు దొరకవు. ఫోన్లో కార్డు పంపడాన్ని నేను తప్పుపట్టను. కానీ కార్డు పంపాక ఒక్కసారి మాట్లాడండి. మా అక్క అమెరికాలో ఉన్న చిన్నాన్న కూతురికి వీడియో కాల్ చేసి, ముందు వాళ్ళ అత్తగారిని పిలిచి మాట్లాడింది, తరవాత అల్లుడిని, ఆ తరవాత పిల్లని. పెళ్ళికి రాలేమని వాళ్ళకీ తెలుసు, అక్కకీ తెలుసు. అయినా ఆ ఇంట్లో ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పిలిచింది. ఆ పిల్ల తెల్లవారుజామున లేచి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, జీలకర్రా బెల్లం ముహూర్తం లైవులో చూసింది. పిలిచినవాళ్ళకీ పిలవనివాళ్ళకీ ఉన్న తేడా అక్కడ తెలిసిపోతుంది.

రాబోయే ముహూర్తాల్లో మీ ఇంట్లో పెళ్ళి ఉంటే, జాబితా రాశాక ఒక పని చెయ్యండి. ఏ ఇంటికి వెళ్ళాలంటే మనసు వెనక్కి లాగుతోందో ఆ ఇంటి పేరు పైకి తెచ్చి రాయండి. మాట పట్టింపులున్న ఇల్లు కావచ్చు, ఈమధ్యే మనిషిని పోగొట్టుకున్న ఇల్లు కావచ్చు, మనకన్నా లేనివాళ్ళ ఇల్లు కావచ్చు. మొదటి రోజే, ఓపిక ఉన్నప్పుడే, పెళ్ళికూతుర్నో పెళ్ళికొడుకునో వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళండి. ఇంకో ఇంటికి వెళ్ళాలని గుమ్మంలోంచే తిరగొద్దు. ఇచ్చిన కాఫీ తాగండి, పిల్లల గురించి అడగండి, వాళ్ళు చెప్పేది వినండి. పెళ్ళికూతురికి తన మనుషులెవరో తెలిసేది ఆ ఇళ్ళలోనే. రేపు తనకి కష్టం వచ్చినా సుఖం వచ్చినా ఆ గుమ్మాలెక్కే చొరవ తనకుంటుంది. ఆ చొరవకి మించిన సారె ఏ పుట్టిల్లూ పెట్టలేదు.