చిన్న పెట్టె చెప్పేదేమిటి? – ఐఫోన్ ప్యాకింగ్‌పై ఒక విమర్శ

పరిచయం

కావ్యాన్నీ సినిమానూ విమర్శించినట్లే వాడుక వస్తువునూ విమర్శించవచ్చు. అది వచ్చిన అట్టపెట్టెనూ విమర్శించవచ్చు. పాత టీవీ పెట్టె అటక మీద బొమ్మల కొలువు బొమ్మలు దాచుకోవడానికి పనికొస్తుంది. ఫోను పెట్టెలో బిల్లు తప్ప మరేదీ పట్టదు. అయినా దాన్ని పారేయడానికి మనసొప్పదు. ఎందుకు? ఐఫోన్ పెట్టెను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

ఆకర్షణ ఎక్కడుంది?

ఆపిల్ సంస్థకు తొలినాళ్లలో పెట్టుబడి పెట్టిన మైక్ మార్కులా 1977లో ఆ సంస్థకు మూడు సూత్రాలు రాసి ఇచ్చాడు. వస్తువును అందించే తీరును బట్టే జనం దాని నాణ్యతను ఊహించుకుంటారన్నది వాటిలో మూడోది. ఐఫోన్ పెట్టె ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. మూతకూ అడుగు భాగానికీ మధ్య సందు చాలా సన్నం. మూత ఎత్తినప్పుడు గాలి ఆ సందులోంచి నెమ్మదిగా లోపలికి పోవాలి. అందుకే అడుగు భాగం మెల్లగా జారుతుంది. నాటకంలో తెర లేచే ముందు కలిగే ఉత్కంఠ వంటిదే ఇది. తెరవగానే కనిపించేది ఫోను. తీగ, కాగితాలు దాని చాటున ఉంటాయి. ఏది ముందు చూపాలో, ఏది దాచాలో తెలియడం కళే. దాన్ని మెచ్చుకోవలసిందే.

చిన్నదనం ఎవరికి లాభం?

2020 అక్టోబరులో ఐఫోన్ 12 వచ్చినప్పుడు పెట్టెలోంచి ఛార్జింగ్ అడాప్టరునూ ఇయర్‌ఫోన్లనూ తొలగించారు. పెట్టె పలచబడింది. రవాణాలో ఒక ప్యాలెట్‌పై 70 శాతం వరకు ఎక్కువ పెట్టెలు పడతాయనీ, పర్యావరణానికి మేలనీ సంస్థ చెప్పింది. ఈ వాదనలో నిజముంది. కాని లోపల ఇచ్చిన తీగకు యూఎస్‌బీ-సి కొస ఉంది. చాలామంది ఇళ్లలోని పాత ఐఫోన్ అడాప్టర్లలో అది పట్టదు. కొత్త అడాప్టరు కొంటే అది మరో పెట్టెలో వస్తుంది, ఖర్చు కొన్నవారిదే. 2022 సెప్టెంబరులో బ్రెజిల్ ప్రభుత్వం సంస్థకు జరిమానా విధించి, ఛార్జర్ లేని ఐఫోన్ల అమ్మకాన్ని నిలిపివేయాలని ఆదేశించింది.

ఐరోపా సమాఖ్య మరో దారి పట్టింది. 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు ఒకే రకం ఛార్జింగ్ రంధ్రం ఉండాలంది. ఛార్జర్ లేకుండా ఫోను కొనే వీలు కల్పించమంది. లోపల ఛార్జర్ ఉందో లేదో పెట్టె మీద బొమ్మ వేసి చెప్పమంది. ఇక్కడ కూడా పెట్టె చిన్నదే, కాని లోపల లేనిదేమిటో అది దాచదు.

ముగింపు

చిన్న పెట్టెను తప్పుపట్టవలసిన పని లేదు. సొగసు చూసి లెక్క మరచిపోవడమే తప్పు. పెట్టె పైభాగం ఆశను చూపిస్తుంది. ధర, తయారీదారు, లోపలి వస్తువుల వివరాలు చిన్న అక్షరాల్లో మరోవైపు ఉంటాయి. విమర్శకులు రెండు వైపులా చదవాలి.

అభ్యాసం: మీ ఇంట్లోని ఏదైనా ఫోను పెట్టెను తీసుకోండి. అది ముందుగా చూపేదేమిటి, చిన్న అక్షరాల్లో చెప్పేదేమిటి, అసలు చెప్పనిదేమిటి? పది వాక్యాల్లో రాయండి.