ముందు బండ్లకు బాట

ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు ఈ వారం కొన్ని ఫొటోలు పంపింది. దక్షిణ ఫ్రాన్స్‌లోని సెవెన్ పర్వతాల మీద స్నేహితులతో సైకిల్ యాత్ర చేసిందట. కంకర పరిచిన సన్నని బాట, ఇరుపక్కలా పేర్చిన రాతిగోడలు, దూరంగా గుట్ట మీద పాత కోట. 1878లో రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఒక గాడిదను వెంటబెట్టుకుని నడిచిన కొండలవి. మరుసటి ఏడు ఆయన రాసిన యాత్రా పుస్తకం పుణ్యమా అని జనం ఇప్పటికీ ఆ దారి పట్టి నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు. ఫొటోల కింద మా పిల్ల ఒక్క మాటే రాసింది: "మామా, మన రామగిరి కింది బాట యాదికొచ్చింది."

వారమంతా నా మనసు ఆ మాట చుట్టే తిరిగింది.

ఈ కాలమ్‌ను మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా పట్టింపులు రెండూ తెలుసు. ఊరు తెలియాలంటే సైకిల్ మీద తిరగాలన్నది ఒకటి. డాంబర్ రోడ్డు ఊరినీ ఊరినీ కలుపుతుంది, మొరం బాట ఊరినీ చెల్కనూ కలుపుతుంది కాబట్టి మొరం బాటే పట్టాలన్నది రెండోది. ప్రపంచం ఇప్పుడు గ్రావెల్ సైక్లింగ్ అని ముచ్చటపడుతున్నది ఈ రెండోదాన్నే. అమెరికాలోని కాన్సస్‌లో 2006లో 200 మైళ్ల కంకరబాట పందెం మొదలైంది. అంతకుముందే, 1997లో, ఇటలీలోని టస్కనీలో పాతకాలపు సైకిళ్లతో 'ఎరోయికా' మొదలుపెట్టారు. అక్కడి తెల్లమట్టి రోడ్లన్నీ డాంబర్ కింద పోకుండా కాపాడుకోవాలన్నదే దాని ఉద్దేశం. సైకిలిస్టులు వచ్చారు, రోడ్లు నిలిచాయి. మన దగ్గర కూడా ఇదే దారి అనుకున్నాను.

గ్రావెల్ సైకిల్ అంటే కొత్త వింతేమీ కాదు. టైర్ వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు, అందులో గాలి కొంచెం తక్కువ. గతుకును ముందు టైరే మింగుతుంది, మిగిలిందే చేతులదాకా వస్తుంది. మన నల్లటి పెద్ద సైకిల్ టైర్ మీద 28 × 1½ అని రాసి ఉంటుంది, అంటే 38 మిల్లీమీటర్ల వెడల్పు. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్ల మీద మన తాతలు తిరిగింది గ్రావెల్ మీదే, గ్రావెల్‌కు తగిన టైర్ల మీదే.

మా పెద్దబాపు బడిపంతులు. మంథని నుంచి రామగిరి గుట్టల దిక్కు ఒక ఊరి బడికి సైకిల్ మీద వెళ్లేవారు. సెలవు రోజుల్లో నన్నూ వెంట తిప్పేవారు. ముందు ఆయన, వెనుక అద్దె సైకిల్ మీద నేను. మొరం మీద తొక్కడం ఒక విద్య అని నాకు తెలిసింది అప్పుడే. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవద్దనేవారు. పట్టు బిగిస్తే రాయి తగిలిన దెబ్బంతా భుజానికి ఎక్కుతుంది, వదులుగా పట్టుకుంటే చక్రం తన దారి తానే చూసుకుంటుంది. బండిచక్రాల గాడి వచ్చేముందే లోపల పోతావా, నడుమ గడ్డి మీద పోతావా తేల్చుకోవాలి. గాడిని ఏటవాలుగా దాటబోతే ముందు చక్రం అంచుకు తగిలి పడేస్తుంది, దాటాల్సి వస్తే అడ్డంగా, తిన్నగా దాటాలి. దిగుడు మొదలయ్యాక కాదు, మొదలవకముందే బ్రేక్ పట్టాలి. తడిసిన రిమ్ము మీద బ్రేక్ రబ్బర్లు పట్టు దొరక్క జారుతాయి. ఒర్రెలో ఇసుక కనబడితే దిగి నడవాలి. అక్కడ తొక్కబోతే కాళ్ల సత్తువ పోవడమే తప్ప బాట సాగదు. పల్లేరుకాయలున్న చోటు దాటగానే ఆగి, టైర్ చుట్టూ అరచేయి తిప్పి ముల్లు తీసేయాలి. ముల్లు ట్యూబ్‌దాకా దిగడానికి కొంతదూరం పడుతుంది, ఆలోపే తీస్తే పంక్చర్ తప్పుతుంది.

గుట్ట ఎక్కుడు దగ్గర మాత్రం ఆయనా దిగి నడిచేవారు. కారణం పళ్లచక్రాల లెక్కలో ఉంది. ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్న సైకిల్ ఒక్క తొక్కుడుకు అయిదు మీటర్లకు పైగా పోతుంది. చదునులో అది లాభం, ఎక్కుడులో మోకాళ్లకు శిక్ష. నేటి గ్రావెల్ సైకిళ్లలో అన్నిటికన్నా తేలిక గేరు వేస్తే ఒక్క తొక్కుడుకు రెండు మీటర్లే కదులుతుంది, అందుకే కొండ లొంగుతుంది. ఈ గేర్ల కోసం జీవితమంతా వాదించిన మనిషి ఫ్రాన్స్‌కే చెందిన పాల్ ద వివీ. 'వెలోసియో' అన్న కలంపేరుతో 1887లో సైకిల్ పత్రిక పెట్టి, మామూలు మనిషి కొండలెక్కాలంటే సైకిల్‌కు ఒకటికి మించి గేర్లుండాలని రాస్తూ వచ్చాడు. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం పెట్టిన ఆంరీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. వెలోసియో 1930లో పోయాడు, ఆ పందెంలో గేర్లు మార్చే డిరేలర్‌కు అనుమతి వచ్చింది 1937లో. వెలోసియో ఉన్న సేంత్ ఎతియెన్ బొగ్గుగనుల పట్నం. గోదావరిఖని పొరుగున బతికే మనకు ఆ ఊరు అంత పరాయిదేమీ కాదు.

పెద్దబాపు దగ్గర ఇంకొక వస్తువుండేది. పట్వారీ దగ్గర చూసి దిద్దుకున్న నక్షా కాగితం. జంట చుక్కల గీత బండ్ల బాట, ఒంటి చుక్కల గీత కాలిబాట. ఏ బాట పట్టినా ముందు నక్షాలో వేలు పెట్టి చూపించి, తర్వాతే పెడల్ తొక్కేవారు. నిజాం జమానాలో కొలిచి గీసిన ఆ గీతల మీదే మా ప్రయాణాలన్నీ సాగాయి. నక్షాల మీద నా మోజు ఆయన ఇచ్చిన ఆస్తే.

అందుకే ఫొటోలు చూసిన రాత్రి ఒక దారి గీసుకున్నాను. మంథనిలో గౌతమేశ్వరాలయం దగ్గర గోదారికి దండం పెట్టి బయల్దేరాలి. శ్రీరాంసాగర్ కాలువల కట్టలు అందుకోవాలి. వాటిలో డి-83 కాలువ కట్ట గురించి ఇక్కడ ఇదివరకే రాశాను. చదునైన మొరం, పక్కన నీళ్లు, లారీల భయం లేదు. అక్కడి నుంచి బేగంపేట, పైన రామగిరి ఖిల్లా. కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీలదాకా చేతులు మారిన కోట, వనమూలికలకు పేరుపడ్డ గుట్ట, శ్రావణంలో జనం బారులు తీరి ఎక్కే దారి. దిగి పడమటికి తిరిగితే సబ్బితం జలపాతం. ఓపికుంటే శాతవాహనుల నాటి ధూళికట్ట బౌద్ధస్తూపం. కార్తీకం, మార్గశిరం ఈ యాత్రకు మంచి కాలం. వానలకు మొరం గట్టిపడి ఉంటుంది, దుమ్ము ఇంకా లేవదు. ఫ్రాన్స్‌కు ఏం తక్కువ అనిపించింది. ఈ బాటలకు డాంబర్ వేయొద్దని, సైకిల్ రూట్‌గా ప్రకటించమని ఈ వారం గట్టిగా రాయాలనుకున్నాను.

రాసేముందు చూసి రావాలని మొన్న ఆ దిక్కు పోయాను. నక్షాలో జంట చుక్కలున్న ఒకచోట బాట సగమై, ఇంకొంత దూరం పోయేసరికి పత్తిచేను అయింది. చేను అంచున నిలబడ్డ రైతును అడిగాను. "గీడ బండ్ల బాట ఉండె బాపు. ఇప్పుడు నా ట్రాక్టర్ పోవాల్నంటె పక్క పట్టాదారును బతిమాలుకోవాలె. ఆయన విత్తనం పెట్టిండంటె పంట కోసేదాక నాకు నెత్తి మీద మోసుడే" అన్నాడు. నా ఆలోచన చెప్పి, మొరం బాటలను మొరంగానే ఉంచాలంటే ఏమంటావని అడిగాను. పక్కనే కలుపు తీస్తున్న ఆయన భార్య నడుం ఎత్తి నన్ను చూసింది. "వానకాలంల మా వాడకు 108 బండి రాదు. మా కోడల్ని నొప్పులప్పుడు మంచం మీద మోసుకపోయిన్రు. మీ సైకిళ్ల కోసం మాకు డాంబర్ వద్దంటవా బాపూ?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. మనుషులు కాపురముండే చోటికి డాంబర్ రోడ్డు పడాల్సిందే, దాన్ని కాదనే హక్కు ఏ సైకిలిస్టుకూ లేదు.

ఇంటికొచ్చి మళ్లీ ఆ ఫొటోల్లో రాతిగోడల్నే చూశాను. ఎవరు పేర్చారవి? కోస్, సెవెన్ ప్రాంతాన్ని 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కోటల్ని చూసి కాదు, సేద్యమూ పశువుల పెంపకమూ కలిసి మలచిన నేలను చూసి చేర్చింది. వేసవిలో గొర్రెల మందలు కొండలెక్కే దారులు అందులో భాగం. పైగా ఫ్రాన్స్‌లో 1983 చట్టం నుంచి జిల్లా పాలకమండళ్లు నడకదారుల పట్టిక తయారుచేస్తున్నాయి. అందులోకెక్కిన గ్రామీణ బాటను అమ్మాలన్నా మూయాలన్నా బదులుగా మరో బాట చూపించాలి. గొర్రెల కాపరి నడుస్తున్నాడు, చట్టం కాస్తున్నది, అందుకే సైకిల్‌కు దారి దొరుకుతున్నది. మా పిల్ల తొక్కిన ఆ బాట వరసలో సైకిలిస్టు చిట్టచివరివాడు.

మనకూ మందలున్నాయి. గొల్లలు, కురుమలు గొర్రెల్ని తోలుకుపోయే దారులూ, పాలేరు ఎడ్లబండి తోలిన దారులూ నక్షాల్లో ఉన్నాయి. భూమి రికార్డుల్లో పహాణీ పోయి 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పట్టాదారుకు పాసుబుక్కు ఉంది, బాటకు మాత్రం అడిగే వారసుడు లేడు. గెట్టు జరిగినప్పుడల్లా ముందు తరిగేది అదే. రెండు చేన్ల నడుమ బాట ఒకసారి దున్నకంలో కలిసిందంటే వెనుకనున్న నాలుగు చేన్లు దారి లేని భూములైపోతాయి. రైతు రైతుతో కొట్లాడి కోర్టుకెక్కే కేసులు ఎన్నో ఇక్కడే మొదలవుతున్నాయి. దీని ముందు నేను గీసుకున్న సైకిల్ దారి చాలా చిన్న విషయం.

కాబట్టి ఈ వారం నేను కోరేది గ్రావెల్ రూట్ కాదు. ఈసారి గ్రామసభకు పోయినప్పుడు మీ ఊరి నక్షా తెప్పించమని అడగండి. జంట చుక్కల గీతలన్నీ పదిమందితో కలిసి నడిచి చూడండి. ఎక్కడ తెగిందో రాసుకుని, కొలిపించి హద్దురాళ్లు పాతించమని తహసీల్దార్‌కు దరఖాస్తు ఇవ్వండి. వాడలకు డాంబర్, చెల్కలకు మొరం అడగండి. బండి, ట్రాక్టర్, మంద ఆ బాట మీద మళ్లీ తిరగనివ్వండి. సైకిల్ రూట్ బోర్డు ఆ తర్వాత పెట్టుకుందాం.