కారణాంకమూ, కారకమూ

ఆరో తరగతిలో కారణాంకాలు చెబుతున్నాను. 12కు 1, 2, 3, 4, 6, 12 అని బోర్డు మీద రాశానో లేదో, వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచాడు. వాళ్లది రొయ్యల సాగు.

"సార్, దీన్ని ఇంగ్లీషులో ఫ్యాక్టర్ అంటారు గదా. రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లు బిల్లులు ఫ్యాక్టరింగ్‌కి ఇచ్చి డబ్బు తెచ్చుకుంటారని మా నాయన అంటుండాడు. అదీ ఇదీ ఒకటేనా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. జవాబు మా తీరంలోనే ఉంది. 1626లో ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. వాళ్ల కాగితాల్లో ఆ ఊరు ఆర్మగావ్. బట్టలు కొని ఓడకెక్కించే కంపెనీ ఉద్యోగిని ఫ్యాక్టర్ అనేవారు, అతనుండే చోటు ఫ్యాక్టరీ. యంత్రం లేదు, పొగగొట్టం లేదు. 1639లో మద్రాసు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే అప్పటికి ఈ స్థావరానికే పెద్ద.

లాటిన్‌లో ఫ్యాక్టర్ అనే మాటకు 'చేసేవాడు' అని అర్థం. ఎక్కడో ఉన్న యజమాని తరఫున బేరం చేసేవాడు. సరుకు అమ్ముడుపోకముందే దాని మీద సొమ్ము ముందుగా ఇవ్వడం ఇలాంటి వర్తకులకు అలవాటైంది. ఇప్పటి ఫ్యాక్టరింగ్ అందులోంచే పుట్టింది. కొన్నవాడి డబ్బు కోసం నెలలు ఎదురుచూడకుండా, ఆ బిల్లునే కాస్త తక్కువకు అమ్ముకోవడం. మన దేశంలో దీనికి 2011లో చట్టం చేశారు, 2021లో సవరించారు.

అర్థశాస్త్రంలో భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన ఉత్పత్తి కారకాలు. ఇంగ్లీషులో వీటినీ ఫ్యాక్టర్లనే అంటారు. పిల్లవాడి గుంట దగ్గర నాలుగూ ఉన్నాయి. కారణాంకాల్లో ఒకటి సున్నా అయితే లబ్ధమంతా సున్నా అని చెప్పాను. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిన రాత్రి ప్రాణవాయువు అందక రొయ్యలు చచ్చిపోతే, నేలా, మేతకు తెచ్చిన అప్పూ, కూలీల కష్టమూ ఏం మిగులుస్తాయి? వాడు వెంటనే తలాడించాడు. ఆ లెక్క వాడికి నాకంటే బాగా తెలుసు.

కారణాంకం, కారకం అని మనం వేరు వేరు పేర్లు పెట్టుకున్నాం. రెండింటి మూలమూ సంస్కృతంలో 'చేయడం' అనే అర్థమున్న 'కృ' ధాతువే. 3, 4 కలిసి 12ను చేస్తాయి, మట్టీ మనిషీ కలిసి పంటను చేస్తారు. ఇంత దగ్గరి చుట్టరికాన్ని పాఠాల్లో దాచిపెట్టడం నాకు నచ్చదు.

తోటి లెక్కల మాస్టార్లకు ఒక విన్నపం. కారణాంకాలు మొదలుపెట్టే రోజు, బోర్డు మీద అంకెల కంటే ముందు దుగరాజపట్నం అని రాయండి.