చెరువు నీరు చూసే మనిషి

కైకలూరు, ఆకివీడు వైపు తెల్లవారకముందే చేపల చెరువు గట్టెక్కే రైతుకు సగం సంగతి కళ్లే చెబుతాయి. శీలావతి, బొచ్చె పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ పడిపోయినట్టే. పగలంతా దాన్ని తయారుచేసిన ప్లాంక్టనే రాత్రి తిరిగి పీల్చుకుంటుంది. వెంటనే ఏరియేటర్లు తిప్పుతారు, మోటారేసి కొత్త నీరు పెడతారు, ఆ పూట మేతకు తవుడు సంచులు కట్టరు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది చేతి పరీక్ష. గట్టు దిగి, అరచెయ్యి పైకి తిప్పి, మోచేతి దాకా నీళ్లలో ముంచుతారు. అరచెయ్యి కనపడీ కనపడనట్టుంటే రంగు సరిపోయింది. మోచెయ్యి మునగకముందే మాయమైతే ప్లాంక్టన్ ముదిరింది, ఎరువు ఆపాలి. తేటగా కనిపిస్తే నీటిలో సత్తువ లేదు. నీటి తేటదనం కొలిచే సెక్కీ డిస్కుతో చూసే 30–40 సెంటీమీటర్ల లెక్కా ఇంచుమించు ఇదే. ఎంత చక్కటి కొలత!

అమోనియా మాత్రం కంటికి చిక్కదు, కిట్టు కావాలి. మధ్యాహ్నం పీహెచ్ పెరిగేకొద్దీ దాని విషం పెరుగుతుంది. అప్పుడు కంగారుపడి సున్నం చల్లితే పీహెచ్ ఇంకా ఎక్కుతుంది. చల్లకుండా ఆగడమూ గొప్ప పనితనమే అంటాను. తెలిసిన రైతు మేత తగ్గించి, కొంత నీరు మార్చి, మర్నాడు మళ్లీ కిట్టు తీస్తాడు.