పొడవాటి చెకుముకి రైఫిల్: నకలులో అసలు ఎంత?

పెన్సిల్వేనియా రైఫిల్‌గా, కెంటకీ రైఫిల్‌గా పేరుపడ్డ పొడవాటి చెకుముకి తుపాకీ 18వ శతాబ్దపు అమెరికాలో, ముఖ్యంగా పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పరిసరాల్లో రూపుదిద్దుకుంది. జర్మన్ వలసదారులు వెంట తెచ్చుకున్న యేగర్ రైఫిల్ పొట్టిది, పెద్ద గుండు వేసేది. కొత్త నేల మీద గొట్టం 40 అంగుళాలు దాటింది, గుండు చిన్నదైంది. దాంతో సీసమూ మందూ ఆదా అయ్యాయి. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కు పలకను గీరి నిప్పురవ్వలు రాలుస్తుంది. పక్కనున్న చిన్న పళ్లెంలో మందు అంటుకుని, సన్నటి రంధ్రం గుండా మంట గొట్టంలోకి చేరుతుంది.

పనితనానికి అసలు పరీక్ష గొట్టమే. ఇనుప పట్టీని కొలిమిలో తెల్లగా మెరిసేదాకా కాల్చి, కడ్డీ చుట్టూ వంచి, అంచులను సమ్మెట దెబ్బలతో అతికేవారు. లోపల తొలిచాక మెలితిరిగిన గాడులను ఒక్కొక్కటిగా చేత్తో కోసేవారు. బయట ఆకురాయితో ఎనిమిది పలకలు తీర్చేవారు. మందు పేలేచోట మందంగా ఉన్న గొట్టం పోనుపోను సన్నబడి, మూతి దగ్గర మళ్లీ కాస్త విచ్చుకునేది. ఆ విచ్చు కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి కంటికి ఆనదు. గురి పెట్టిన చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది: అంత పొడవున్నా మూతి కిందికి లాగదు.

ఫ్యాక్టరీ నకళ్లు 1950లలో ఊపందుకున్నాయి. టెనెసీలోని యూనియన్ సిటీలో టర్నర్ కర్క్‌లాండ్ నెలకొల్పిన డిక్సీ గన్ వర్క్స్, బెల్జియంలో చేయించిన రైఫిళ్లను అమ్మింది. తర్వాత ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియా ఈ పనికి పెద్ద కేంద్రమైంది. పాత తుపాకీ కొనే స్తోమత లేని ఎందరికో చెకుముకి తుపాకీ పేల్చే అవకాశం వీటివల్లే దక్కింది. కానీ చాలావాటిలో గొట్టం మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. అలాంటి తిన్నని గొట్టాలు 19వ శతాబ్దంలో ఎక్కువయ్యాయి. 1770ల నాటి రైఫిల్ అని అమ్మే నకలుకు అవి నప్పవు. అసలు రైఫిళ్ల చారల మేపుల్‌కు బదులు వాల్‌నట్ కర్ర వాడినవి ఉన్నాయి. పొడవాటి దుంగ ఖర్చు తప్పించుకోవడానికి రెండు ముక్కలను ఇత్తడి పట్టీతో కలిపినవీ ఉన్నాయి. నిప్పురవ్వలు పుట్టించే లాక్ చుట్టూ చెక్కాల్సినంత చెక్కకపోవడంతో కర్ర మొద్దుగా మిగిలిపోతుంది.

ఇంతకంటే పెద్ద లోపం ఊరి ముద్ర లేకపోవడం. లాంకాస్టర్, రెడింగ్, లీహై పనివాళ్ల చేతుల్లో కర్ర వంపు, భుజానికి ఆనే చివర, కర్రలో అమర్చిన ఇత్తడి మూతపెట్టె దేనికదే వేరుగా ఉండేవి. తెలిసినవాళ్లు వాటిని చూసి ప్రాంతాన్నీ, దశాబ్దాన్నీ చెప్పగలరు. ఒక కాలపు వంపుకు మరో కాలపు మూతపెట్టె తగిలించిన నకలు ఏ ఊరికీ చెందదు.

అలాగని చేత్తో చేసిందే అసలు అనడమూ చరిత్రకు నిలవదు. ఆనాటి కమ్మరులు లాక్‌లను తరచుగా ఇంగ్లండు నుంచి తెప్పించుకునేవారు. గొట్టాలను నీటిచక్రంతో నడిచే మిల్లుల్లో కొనేవారు. 19వ శతాబ్దంలో నాజరెత్ దగ్గర బౌల్టన్‌లో హెన్రీ కుటుంబం బొచ్చు వ్యాపారానికి రైఫిళ్లను పెద్దఎత్తున తయారుచేసింది. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ ఒక రైఫిల్‌ను ఆనాటి పద్ధతిలో మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించారు. ఆ పని 1969లో సినిమాగా వచ్చింది. పద్ధతిని నిలబెట్టడానికి అలాంటి పని తప్పనిసరి. రూపాన్ని నిలబెట్టడానికి మాత్రం యంత్రం అడ్డు కాదు. పాత రైఫిళ్ల రూపురేఖల ప్రకారం కంప్యూటర్ యంత్రాలపై చెక్కి, విడిభాగాలుగా అమ్ముతున్న నేటి రైఫిళ్లలో సన్నబడి విచ్చుకునే గొట్టం కూడా ఉంటోంది. ఈ విషయంలో అవి 1970ల నాటి నకళ్ల కంటే అసలుకు ఎంతో దగ్గర.

పాత నకలు చేతిలో ఉన్నవారు దాన్ని కొంతవరకు సరిదిద్దుకోవచ్చు. మెరుపు వార్నిష్ గీకి నూనె పట్టించవచ్చు, లాక్ చుట్టూ ఉన్న అదనపు కర్రను చెక్కేయవచ్చు, మరమేకుల తలలు మార్చవచ్చు. రెండు ముక్కల కర్రను ఒకటి చేయడం మాత్రం కుదరదు. తిన్నని గొట్టమున్న రైఫిల్‌కు మూతి కిందికి లాగని ఆ ఒడుపు తేవాలంటే గొట్టంతో పాటు అది కూర్చునే కర్రనూ మార్చాల్సిందే.