గొట్టం పుట్టుక

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక లేత్ షాపు. నేను తీసుకెళ్లిన అడుగున్నర గొట్టాన్ని మేస్త్రీ ట్యూబ్‌లైటు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత చిటికెన వేలు లోపలికి దూర్చి గుండ్రంగా తిప్పాడు. "మీరూ పెట్టి చూడండి సార్, గీత తగుల్తదా?" తగిలింది. దారమంత సన్నగా, నిలువునా. రేకును చుట్టి, అంచుకు అంచు వెల్డింగ్‌తో అతికిన గొట్టం అది. "నీళ్లకైతే మంచిగుంటది. గాలికైతే నేను చెయ్య" అని తిరిగి చేతిలో పెట్టేశాడు.

నేను అడిగిన పని ఎయిర్‌గన్ల మీద మోజున్నవాళ్లు చాలా దేశాల్లో చేసుకునేదే. కార్బన్ డయాక్సైడ్‌తో పేలే తుపాకీని గాలితో పేలేలా మార్చడం. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి మామూలు గది వేడిలో 60 బార్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఎండలో పెరుగుతుంది, చలికి పడిపోతుంది, దాంతోపాటు గురీ మారుతుంది. గాలి నింపితే ఆ బెడద చాలావరకు తీరుతుంది. కాకపోతే గాలి తుపాకులు సాధారణంగా 200 బార్ దగ్గర పనిచేస్తాయి. మోటారు సైకిల్ టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. అరవైకి చేసిన గొట్టంలో రెండు వందలు కూరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అమెరికాలో క్రాస్‌మన్ కంపెనీ గాలితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ నడిచే బెంజమిన్ డిస్కవరీ రైఫిల్ చేసినప్పుడు 2,000 పీఎస్ఐ దగ్గర, అంటే 138 బార్ దగ్గర, ఆగిపోయింది. అన్ని యంత్రాలున్న కంపెనీయే అక్కడ ఆగితే, వర్క్‌షాపు మూల కూర్చున్న మనకు తొందరెందుకు? పైగా మార్చిన తుపాకీ శక్తి 20 జౌళ్లు దాటితే మన దేశంలో దానికి లైసెన్సు కావాలి.

గాలిని గొట్టంలో బంధించే విద్య ఇవాళ్టిది కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం జిరార్డోని అనే ఆయన చేసిన గాలి రైఫిల్‌ను తీసుకుంది. దాని మడమే గాలి తిత్తి. నిండాలంటే చేతి పంపుతో దాదాపు 1,500 సార్లు కొట్టాలి. అంత కొట్టినా లోపలి ఒత్తిడి 55 బార్ చుట్టుపక్కలే. ఆ తిత్తిని ఇనుప రేకులు వంచి, రివెట్లు కొట్టి, అతుకుల్లో ఇత్తడి కరిగించి పోసి చేసేవారు. అతుకు దగ్గర గాలి కారకుండా చేయడం కమ్మరులకు నరకంగా ఉండేది. అతుకే లేని ఉక్కు గొట్టం సులువుగా దొరకడానికి లోకం ఇంకో వందేళ్లు ఆగాల్సి వచ్చింది. 1880ల్లో జర్మనీలోని రెంషైడ్‌లో మన్నెస్‌మన్ సోదరులు ఎర్రగా కాల్చిన గుండ్రటి ఉక్కు కడ్డీని ఏటవాలు రోలర్ల మధ్య తిప్పుతూ, నడిమిలోంచి సూది పొడిచి బోలుగా చేసే పద్ధతి కనిపెట్టారు. మౌలాలి దాటి వెళ్తుంటే కనిపించే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో అణు రియాక్టర్లకు పంపే అతుకులేని గొట్టాలూ ఆ వంశంలోవే. ప్రపంచంలో అంత కచ్చితమైన గొట్టాలు చేసే ఊళ్లు ఎన్నో లేవు, ఆ ఊళ్లో ఉంటూ నేను పాత ఇనుప సామాన్ల కొట్టులో గొట్టం ఏరుకొచ్చాను.

అతుకు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, లోపలి ఒత్తిడి గొట్టాన్ని పొడవునా లాగేదానికి రెట్టింపు బలంతో చుట్టుకొలత వెంబడి లాగుతుంది. అందుకే పగిలితే ముదిరిన బెండకాయలా నిలువునా చీలుతుంది. అతుకు సరిగ్గా ఆ చీలే గీత మీదే కూర్చుని ఉంటుంది. మేస్త్రీ వేలు పరీక్ష మంచిదే గానీ, అది కాదనడానికే పనికొస్తుంది, ఔననడానికి కాదు. అతికిన గొట్టాన్నే మళ్లీ అచ్చులోంచి లాగి నునుపు చేస్తే గీత వేలికి తగలదు.

మందం సంగతి చూద్దాం. బార్లో సూత్రమని ఒకటుంది: ఒత్తిడిని బయటి వ్యాసంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగించాలి. 22 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ, 200 బార్ అనుకోండి. లోహం మీద పడే లాగుడు 110 మెగాపాస్కల్. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గర సాగడం మొదలెడుతుంది. ఫరవాలేదనిపిస్తుంది. ఇప్పుడు మూత బిగించడానికి లోపల ఒక మిల్లీమీటరు లోతు మర కోయండి. గాలి తగిలే చోటిదాకా ఆ మర వస్తే అక్కడ లాగుడు 220. ఇక మిగిలిందేముంది? ఆ మూతనే చూడండి: 18 మిల్లీమీటర్ల బెజ్జం మీద 200 బార్ అంటే ఐదు క్వింటాళ్ల తోపుడు. యాభై కిలోల బియ్యం బస్తాలు పది. చాలా మార్పిడుల్లో దాన్ని ఆపేది నాలుగైదు చిన్న స్క్రూలు.

బజార్లో చేతికందే గొట్టాల్లో జీఐ పైపును ముందే పక్కన పెట్టాలి. మన ఐఎస్ 1239 ప్రమాణం ప్రకారం దాన్ని ఫ్యాక్టరీలో పరీక్షించేదే 50 బార్ దగ్గర. స్టెయిన్‌లెస్ స్టీలు చాలామందిని మోసం చేస్తుంది. మెట్ల రెయిలింగుకు వాడే మెరుపు గొట్టం వెల్డింగ్‌దే. అతుకులేనిదే తెచ్చినా, మామూలుగా దొరికే 304 రకం 205 మెగాపాస్కల్ దగ్గరే లొంగిపోవచ్చు, మైల్డ్ స్టీలు కన్నా ముందే. నిజంగా పనికొచ్చేది క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4130 ఉక్కు, అదీ అతుకులేనిది, మిల్లు సర్టిఫికెట్‌తో వచ్చింది. గట్టిదనం కోసం దాన్ని కాల్చి నీళ్లలో ముంచే ప్రయోగాలు వద్దు. పగిలే ముందు ఉబ్బి హెచ్చరించే లోహం మంచిది. గాజులా ముక్కలయ్యే లోహం కాదు.

పరీక్ష నీళ్లతోనే చేయాలి. 200 బార్ దగ్గర నీళ్లు నూటికి ఒకటో వంతే కుదించుకుంటాయి. అందుకే గొట్టం చీలినా చిమ్మి ఊరుకుంటాయి. అదే గొట్టంలో గాలి ఉంటే, దాచుకున్న శక్తి నీళ్లకన్నా కొన్ని వందల రెట్లు. గాలి గొట్టంలోకి మామూలు గ్రీజు, నూనె చుక్క కూడా పోనివ్వకూడదు, ఒత్తిడికి డీజిల్ ఇంజన్‌లోలా అంటుకుంటుంది. ఆక్సిజన్ సిలిండర్‌తో నింపుదామనే ఆలోచనే రాకూడదు.

ఇంకో సంగతి. మన గ్యాస్ సిలిండర్ల నిబంధనలు అర లీటరు మించిన పాత్రకే వర్తిస్తాయి. తుపాకీ గొట్టం అంతకన్నా చిన్నది. అంటే దాన్ని చూసి ముద్ర వేసే ఇన్‌స్పెక్టరు ఎవరూ రారు.

నా మటుకు నేను మార్పిడి మానేశాను. ఆ గొట్టం ఇప్పుడు పెరట్లో చిక్కుడు తీగకు ఊతం. గాలి రైఫిల్ కావాలంటే కంపెనీ సిలిండర్‌తో వచ్చేది కొనుక్కోవడమే మేలు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చాక హైదరాబాద్‌లో అలాంటి రైఫిళ్లు పట్టిన పిల్లలు చాలామంది ఉన్నారు. వాటి సిలిండర్లు ఎక్కువగా అల్యూమినియంవి. నింపి ఖాళీ చేసిన ప్రతిసారీ అల్యూమినియం కొంచెం అలుస్తుంది, ఆ అలసట పైకి కనిపించదు. అందుకే వాటికి సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు. గడువు చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ పోటీల నిబంధన. మీ ఇంట్లో అలాంటి రైఫిల్ ఉంటే సిలిండర్ మీది తేదీ ఇవాళే చూడండి. దాటిపోయి ఉంటే మెల్లగా గాలి వదిలేసి, మళ్లీ నింపకండి.