పులుసులోకి బార్బెరా

చేపకి వైట్ వైన్, మాంసానికి రెడ్ వైన్ అని సూత్రం రాసినవాళ్లు నెల్లూరు తీరాన మా కృష్ణపట్నంలో భోంచేసి ఉండరు. ఇక్కడి చేపల పులుసంటే మెంతులు, వెల్లుల్లి, దండిగా మిరప్పొడి, చింతపండు, పైన మామిడికాయ ముక్కలు. ఇన్నిటి మధ్య సున్నితమైన వైట్ వైన్ మంచినీళ్లతో సమానం.

ఇటలీలోనూ ఈ సూత్రాన్ని పట్టించుకోని రేవు ఉంది. టస్కనీ తీరంలోని లివోర్నోలో కచ్చుక్కో అనే చేపల కూరని టమాటా, వెల్లుల్లి, మిరపకాయతో వండుతారు. అందులో పోసేది రెడ్ వైనే, పక్కన పెట్టుకుని తాగేదీ చాలావరకు అదే. అమ్ముడుపోని చిన్నాచితకా చేపలతో జాలర్లు మొదలుపెట్టిన వంట అంటారు. ఇక్కడా అంతే కదా, పెద్ద వంజరం లారీ ఎక్కితే మిగిలినవి ఇంటి దాకలో పడతాయి.

ద్రాక్షకి పులుపునిచ్చేది ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం. చింతపండు పులుపూ ముఖ్యంగా దానిదే. పులుసు, వైన్ జోడీ మీద నాకు గురి కుదిరింది ఇందువల్లే. కాకపోతే తిండి కన్నా వైన్ పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. పులుపున్న ఇటలీ రెడ్ అనగానే అందరూ కియాంటి పేరు చెబుతారు. అది శాంజోవేజే ద్రాక్షతో చేసేది. కియాంటి క్లాసికో అయితే ఆ ద్రాక్ష కనీసం 80 శాతం ఉండాలి, సీసా మీద నల్ల కోడిపుంజు ముద్ర ఉంటుంది. పుల్లటి చెర్రీ రుచి, ఎండు మూలికల వాసన, చివర్లో నాలుకని పట్టేసే వగరు. పులుసు కారానికి ఆ వగరు తోడైతే నోరు గరగరలాడుతుంది. గోంగూర మాంసం దగ్గర మాత్రం ఆ వగరే కొవ్వు జిడ్డుని కడిగేస్తుంది. కియాంటిని అక్కడికి పంపేయండి.

చేపల పులుసుకి నా ఓటు బార్బెరాకే. ఉత్తరాన పీడ్‌మాంట్‌లో, ఆస్టి, ఆల్బా ఊళ్ల చుట్టుపక్కల పండే ద్రాక్ష ఇది. ముదురు నేరేడు రంగు, గట్టి పులుపు, వగరు బాగా తక్కువ. ఓక్ పీపాల్లో పెట్టనిదే ఎంచుకోండి, చెక్క వాసనకీ మెంతులకీ పడదు. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట ఐరోపా చలి ఇళ్లకి చెల్లుతుంది. నెల్లూరు ఎండల్లో సీసాని అరగంటైనా ఫ్రిజ్‌లో పెట్టకపోతే మిరప మంటకి ఆల్కహాల్ మంట తోడవుతుంది.

రెడ్ వైన్‌తో చేప నీచు కొడుతుందన్న ఫిర్యాదు ఉత్తదేం కాదు. జపాన్‌లో మెర్షియన్ కంపెనీ పరిశోధకులు 2009లో దీని గుట్టు పట్టుకున్నారు. స్కాలప్ అనే ఆల్చిప్ప మాంసాన్ని ఎండబెట్టి రకరకాల వైన్లలో నానబెడితే, ఇనుము ఎక్కువున్న వాటిలోనే నీచు వాసన బలంగా వచ్చింది. తప్పు రంగుది కాదన్నమాట. ఇనుము ఎంతుందో సీసా మీద రాయరు కాబట్టి, తాజా చేప కొనుక్కోవడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని.

ఇటలీ సీసా ఇక్కడిదాకా ఎలా వస్తుందంటారా? రోమన్ల సరుకు ఈ తీరానికి కొత్త కాదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి తగిలిన కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఇదే తీరాన కిందికి వెళ్తే పుదుచ్చేరి పక్కన అరికమేడు ఉంది. అక్కడ 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాల్లో మధ్యధరా వైన్ కుండల పెంకులు బయటపడ్డాయి. ఇప్పుడు? 2008లో మొదలైన మన కృష్ణపట్నం పోర్టులో బొగ్గు, వంటనూనెలు దిగడం చూస్తుంటాం గానీ, ఇటలీ సీసాలు దిగడం నేనెరగను. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం వేశారు, ఇక సామాన్యుడు కొనేదేముంది? దగ్గరి దారి మహారాష్ట్రలోని అక్లూజ్. అక్కడ ఫ్రాటెల్లి సంస్థ శాంజోవేజే పండిస్తోంది, టస్కనీకి చెందిన పియెరో మాసి దాని వైన్ తయారీదారు. మంచి ప్రయత్నమే, కానీ మళ్లీ ఆ వగరు గొడవ ఉండనే ఉంది.

విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా 2 లీటర్లు తెచ్చుకోవచ్చు. మీవాళ్లెవరైనా వస్తుంటే బార్బెరా పేరు కాగితం మీద రాసివ్వండి. పులుసు మాత్రం వాళ్లు దిగే ముందురోజే పెట్టండి. ముక్కకి పులుపూ కారమూ పట్టి, పులుసు పదును కాస్త తగ్గాకే ఈ వైన్ దానికి సరిజోడు.